అక్షరం లేని ఆవర్తం

నల్లటి పలక మీద ఒక తెల్లటి గీత. పైన ఎడమ కొసన ఇంచుమించు నిటారుగా మొదలై, కిందికి దిగుతున్నకొద్దీ కుడివైపు ఒరిగి, చివరికి కొడవలి మొనలా సాగుతుంది. పలకలో అడ్డంగా ఉన్నది కాలం, నిలువుగా ఉన్నది పౌనఃపున్యం. పైఅంచు 800 మెగాహెర్ట్జ్, కింది అంచు 400. కెనడాలో పెంటిక్టన్ ఊరి దగ్గరున్న చైమ్ రేడియో టెలిస్కోపు వినగలిగినంత మేర అది. గీత పైకొస ముందు తాకింది. కింది కొస తాకడానికి దాదాపు మరో ఏడు సెకన్లు పట్టింది.

బయలుదేరినప్పుడు ఈ తేడా లేదు. తరంగాలన్నీ కొన్ని మిల్లీసెకన్ల వ్యవధిలో ఒక్క ఊపున లేచాయి. దారి పొడుగునా, తారకూ తారకూ మధ్య, గెలాక్సీకీ గెలాక్సీకీ మధ్య, ఊహకందనంత పలచగా ఎలక్ట్రాన్లు పరుచుకుని ఉన్నాయి. పొట్టి తరంగాలను అవి పెద్దగా అడ్డుకోవు. పొడుగు తరంగాలను మాత్రం కొంచెం కొంచెంగా పట్టి నిలుపుతాయి. యాభై కోట్ల ఏళ్ళ ప్రయాణంలో ఆ నిలుపుదలంతా కూడితే ఏడు సెకన్ల తేడా. అందులోనూ సగానికి పైగా మన పాలపుంత గడప తొక్కాక జరిగిన ఆలస్యమే. అంత దూరం వచ్చిన చుట్టం మన వాకిట్లోకి వచ్చాకే కాళ్ళు కడుక్కుంటూ ఆగినట్టు. ఈ రెండు అంకెలనూ, యాభై కోట్ల ఏళ్ళనూ ఏడు సెకన్లనూ, పక్కపక్కన పెట్టుకుని చూడటంలో నాకు ఎన్నిసార్లయినా తీరని సంతోషం ఉంది.

ఆ వంపును సరిచేయడం ఒక చక్కని పని. పలకలో ఒక్కో వరసనూ దాని ఆలస్యం మేరకు వెనక్కి జరుపుతూ పోతారు. జరపగా జరపగా ఒకచోట కొడవలి కాస్తా మేస్త్రీ గోడ వారన వేలాడదీసిన గుండుదారంలా నిలువుగా నిలబడుతుంది. అప్పుడు కనిపిస్తుంది అసలు అందం. ఒకే మెరుపు అనుకున్నది చాలాసార్లు ఒకటి కాదు. వెంటవెంటనే రెండో మూడో నాలుగో ముక్కలు. మొదటిది పై పౌనఃపున్యంలో, తర్వాతది కాస్త కింద, ఆ తర్వాతది ఇంకాస్త కింద. మెట్లు దిగినట్టు దిగుతుంది. పాశ్చాత్య ఖగోళ శాస్త్రవేత్తలు దీన్ని ట్రాంబోన్ వాద్యం దిగులుగా జారడంతో పోల్చి, ఆ పేరే స్థిరపరిచారు. మన చెవికి అది జారు గమకం. పై స్వరం మీద నిలిచిన వేలు తీగ వదలకుండా కింది స్వరానికి దిగే జారు. ఒక్కసారి మాత్రమే కనిపించి పోయిన మెరుపుల్లో ఈ నడక అరుదు. మళ్ళీ మళ్ళీ వచ్చేవాటిలోనే ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వాటి ఒక్కో మెరుపు కాలంలో కాస్త వెడల్పుగా, పౌనఃపున్యంలో కాస్త ఇరుగ్గా ఉంటుంది. కొంచెం పరిచయమైతే గొంతు పోల్చుకోవచ్చు.

ఇది శబ్దం కాదు, రేడియో తరంగం. శూన్యంలో శబ్దానికి చోటు లేదు. అయినా సంగీతం మాటలు వాడటానికి నాకు సంకోచం లేదు. లయ చెవి సొత్తు కాదు, కాలం సొత్తు.

వీటిని ఫాస్ట్ రేడియో బర్స్ట్‌లు (ఎఫ్‌ఆర్‌బీ) అంటారు. ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపు 2001 జులైలో నమోదు చేసి పెట్టిన సమాచారంలో 2007లో డంకన్ లోరిమర్, ఆయన విద్యార్థి డేవిడ్ నార్కెవిచ్ మొదటిదాన్ని పట్టుకున్నారు. ఆరేళ్ళు ఆ మెరుపు కాగితాల కట్టలో ఉత్తరంలా పడి ఉంది. ఆ తొలి రోజుల్లో ఊహలన్నీ వినాశనం చుట్టూనే తిరిగాయి: రెండు తారలు ఢీకొని ఉంటాయి, ఒకటి కూలి కృష్ణబిలమై ఉంటుంది, చావుకేక అయి ఉంటుంది.

2015 నవంబరులో ఆ ఊహ ఒక మూలానికి సంబంధించినంతవరకు పూర్తిగా కూలింది. ప్యూర్టోరికోలోని అరెసీబో టెలిస్కోపు 2012 నవంబరు 2న చూసిన ఒక మెరుపు ఉంది. అదే దిక్కుకు మళ్ళీ గురిపెట్టి తీసిన సమాచారాన్ని, మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి పాల్ షోల్జ్ జల్లెడ పడుతున్నాడు. పది మెరుపులు దొరికాయి. అదే చోటు నుంచి, అదే ఆలస్యపు వంపుతో. చచ్చే తార రెండోసారి పిలవదు. పిలిచిందంటే బతికే ఉంది. 2017లో అమెరికాలోని వీఎల్‌ఏ టెలిస్కోపుల వరసతో షమీ ఛటర్జీ బృందం దాని ఇల్లు కనిపెట్టింది: ఒక చిన్న మరుగుజ్జు గెలాక్సీ, 240 కోట్ల కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో. తొలి పునరావృతాన్ని పట్టిన అరెసీబో ఇప్పుడు లేదు. 2020 డిసెంబరు 1న, దాని నెత్తిన తీగలకు వేలాడే 900 టన్నుల వేదిక తెగి పళ్ళెంలో పడిపోయింది. ఈ కథ చెప్పుకున్నప్పుడల్లా ఆ టెలిస్కోపుకు ఒక నమస్కారం పెట్టి ముందుకు సాగడం న్యాయం.

ఇక నేను చెప్పాలనుకున్న మూలం దగ్గరికి వస్తాను. పైన చెప్పిన తెల్లగీత గీసింది అదే. 2018 సెప్టెంబరు 16న మొదట దొరికింది కాబట్టి పేరు ఎఫ్‌ఆర్‌బీ 180916.

చైమ్ కదలని టెలిస్కోపు. నాలుగు అరగొట్టాలు, ఒక్కోటి 100 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, నోళ్ళు ఆకాశానికి తెరుచుకుని పడుకుని ఉంటాయి. భూమి తిరుగుతుంటే ఆకాశమే వాటి మీదుగా పారుతుంది. ఏటి ఒడ్డున కూర్చున్నవాడు ఏటిని వెతుక్కుంటూ పోనక్కరలేదు. ఈ మూలం కూడా రోజుకోసారి కొన్ని నిమిషాలు దాని మీదుగా పోతుంది. కొన్నాళ్ళు వరసగా మెరుపులు, కొన్నాళ్ళు ఏమీ లేదు. అలా 2018 సెప్టెంబరు నుంచి 2020 ఫిబ్రవరి 4 దాకా 38 మెరుపులు పోగయ్యాయి.

ఆ 38 చుక్కలనూ క్యాలెండరు మీద ఒక పొడుగు వరసగా పెడితే చెల్లాచెదురుగానే కనిపిస్తాయి. అప్పుడు మడత పెట్టారు. నేత చీర తెలిసినవాళ్ళకు ఈ పని సులువుగా అర్థమవుతుంది. బుటాల మధ్య దూరం తెలియకుండా చీర మడిస్తే బుటా ఒకచోట, దాని కింది మడతలో బుటా మరోచోట పడతాయి. సరైన కొలతకు మడిచామా, ఒక్క బుటా కింద అన్ని బుటాలూ ఒదిగిపోతాయి. చైమ్ బృందం ఆ కాలాన్ని రకరకాల కొలతలకు మడిచి చూసింది. 16.35 రోజుల మడత దగ్గర 38 మెరుపులూ ఒక అయిదు రోజుల పట్టీలోకి వచ్చి పడ్డాయి. వాటిలో సగం, 0.6 రోజు వెడల్పున్న సన్నటి గీతలో. మిగిలిన పదకొండు రోజుల్లో ఒక్క చుక్క లేదు. 2020లో నేచర్ పత్రికలో అచ్చయిన ఆ పటాన్ని నేను పటంలా చూడలేను. అది నేత.

ఆ పదకొండు రోజుల ఖాళీ నాకు మెరుపుల కన్నా ఎక్కువ నచ్చుతుంది. మెరుపు ఉందంటే ఏదో జరిగిందని అర్థం. ఖాళీ ప్రతిసారీ అదే చోట, అదే నిడివితో ఉందంటే ఎవరో లెక్కపెట్టుకుంటున్నారని అర్థం. మృదంగం తెలిసిన శ్రోత, దెబ్బ పడనిచోట కూడా వేళ్ళు మడుచుకుంటూనే ఉంటాడు. ఇక్కడ వేళ్ళు మడుస్తున్నది ఏదో మనకు కనిపించదు. కానీ మడుస్తోంది.

ఇంతవరకు గడియారం లాంటి కథ. గడియారాలు విశ్వంలో కొత్త కాదు. పల్సార్లు అనే తిరిగే తారలు అంతకన్నా ఎన్నో రెట్లు నిక్కచ్చిగా కొడతాయి. ఈ మూలాన్ని కళగా మార్చేది దాని రెండో గుణం, మొదటిదానికి పూర్తిగా ఎదురు తిరిగే గుణం.

మన దేశంలో, పుణెకు ఉత్తరాన ఖోడద్ గ్రామం దగ్గర జీఎంఆర్‌టీ ఉంది. గోవింద్ స్వరూప్ కట్టించిన ముప్పై పళ్ళేలు, ఒక్కోటి 45 మీటర్లు. 16.35 రోజుల లెక్క తెలిశాక అక్కడివాళ్ళు వరసగా మూడు ఆవర్తాల్లో, మెరుపులు దట్టంగా పడాల్సిన సమయానికే సరిగ్గా గురిపెట్టి కూర్చున్నారు. మొదటి ఆవర్తంలో దొరికినవి సున్నా. రెండో ఆవర్తంలో 12. మూడో ఆవర్తంలో 3.

సున్నా, పన్నెండు, మూడు. తలుపు తెరుచుకునే వేళ ఖాయం, తెరిచాక ఎవరొస్తారో, ఎందరొస్తారో ఖాయం కాదు. పెద్ద కొలతలో ఇంత కట్టుబాటు, చిన్న కొలతలో ఇంత స్వేచ్ఛ. మన తాళానికి ఇది తలకిందుల పని. ఆదితాళంలో ఎనిమిది అక్షరాలు కూడితే ఒక ఆవర్తం. అక్షరం అనే ఇటుక లేకుండా ఆవర్తం అనే గోడ లేవదు. ఇక్కడ ఆవర్తం ఉంది. అక్షరం లేదు.

లేదని ఊరికే అనడం లేదు. వెతికిన తీరు చూస్తే అబ్బురమనిపిస్తుంది. అరెసీబో కనిపెట్టిన తొలి పునరావృత మూలం మీద చైనాలోని గుయిజౌ కొండల నడుమ ఉన్న 500 మీటర్ల ఫాస్ట్ టెలిస్కోపు 2019లో గురిపెట్టింది. 59.5 గంటల వీక్షణలో 1652 మెరుపులు దొరికాయి. ఒక గంటలో 122 దాకా వచ్చిన సందర్భం ఉంది. అంత దట్టమైన వానలో ఏ చిన్న దరువు ఉన్నా దాక్కోలేదు. మిల్లీసెకను నుంచి వెయ్యి సెకన్ల దాకా ప్రతి కొలతకూ మడిచి చూశారు. ఏ మడతలోనూ బుటాలు కలవలేదు. మెరుపుకూ మెరుపుకూ మధ్య ఎడం మాత్రం రెండు చోట్ల గుమిగూడింది: ఒకటి 3.4 మిల్లీసెకన్ల చుట్టూ, ఇంకొకటి 70 సెకన్ల చుట్టూ. అంటే వస్తే వెంటనే ఇంకొకటి, లేదంటే నిమిషం పైచిలుకు ఊపిరి. విరుపు ఉంది గానీ దరువు లేదు. ఛందస్సు వదిలేసిన కవి కూడా ఊపిరి ఆడేచోట పాదం విరుస్తాడు కదా, అలాగ.

పైగా ఈ మూలానికీ పెద్ద ఆవర్తం ఉన్నట్టే కనిపిస్తోంది: దాదాపు 160 రోజులది.

ఈ మెరుపుల వెనక న్యూట్రాన్ తార ఉందన్నది బలమైన ఊహ. న్యూట్రాన్ తార అంటేనే తిరుగుడు. సూర్యుడి కన్నా ఎక్కువ బరువును ఇరవై కిలోమీటర్ల ముద్దగా కుదించి తిప్పితే అది. దాని నుంచి వచ్చే ఏ పిలుపులోనైనా ఆ తిరుగుడు దరువు వినపడాలి. ఈ మూలాల్లో వినపడదు. మరి దరువు వెయ్యనిది ఏమిటి? టోక్యో విశ్వవిద్యాలయానికి చెందిన తోమోనొరి తోతాని, యూయా త్సుజుకి 2023లో చెప్పిన జవాబు నన్ను చాలా రోజులు వదల్లేదు. మూడు మూలాల నుంచి పోగైన దాదాపు ఏడు వేల మెరుపులను తీసుకుని, ఏది దేని తర్వాత ఎంతసేపటికి వచ్చిందో వాళ్ళు జత జతగా లెక్కగట్టారు. సూర్యుడి మీది జ్వాలలతో పోల్చారు, పోలిక కుదరలేదు. భూకంపాలతో పోల్చారు, కుదిరింది. పెద్ద ప్రకంపన తర్వాత చిన్నవి ఎలా సన్నగిల్లుతూ వస్తాయో 1894లో జపాన్ శాస్త్రవేత్త ఫుసాకిచి ఒమోరి ఒక సూత్రం కట్టాడు. భూమి పగుళ్ళ కోసం కట్టిన ఆ సూత్రమే ఈ మెరుపుల ఎడాలకూ నప్పింది.

ఇది నిజమైతే మనం వింటున్నది పాట కాదు, పగులు. న్యూట్రాన్ తారకు పైన గట్టి పెంకు ఉంటుంది. అది మాగ్నెటార్ అనే రకమైతే లోపల అయస్కాంత క్షేత్రం భూమి క్షేత్రం కన్నా కోటి కోట్ల రెట్లకు మించి బలమైనది. ఆ బలం లోపల మెలి తిరుగుతూ పెంకును నెడుతుంది. పెంకు ఓర్చుకున్నంతసేపు ఓర్చుకుని ఒకచోట చిట్లుతుంది. ఆ అదురు అయస్కాంత రేఖల వెంట పైకి పాకి, మీద రేడియో మెరుపై లేస్తుంది. మీదికి పోయేకొద్దీ క్షేత్రం సడలుతుంది, పౌనఃపున్యం దిగుతుంది. ముందు చెప్పుకున్న జారుకు ఒక వివరణ ఇదే. పగులు ఏ తాళానికీ కట్టుబడదు గనకే దరువు లేదు. నాకు ఈ వివరణ మీద ప్రేమ ఉందని దాచను.

మాగ్నెటార్‌కు ఆ సత్తా ఉందనడానికి సాక్ష్యం మన ఇంట్లోనే దొరికింది. 2020 ఏప్రిల్ 28న మన పాలపుంతలోనే ఉన్న మాగ్నెటార్ ఒకటి, ఎస్‌జీఆర్ 1935+2154, ఒక రేడియో మెరుపు విసిరింది. 29 మిల్లీసెకన్ల ఎడంతో రెండు శిఖరాలు. అదే క్షణాన ఎక్స్‌రే టెలిస్కోపులూ దాని మెరుపును చూశాయి. అది 3.24 సెకన్లకోసారి తిరుగుతుందని తెలుసు. తిరుగుడు తెలిసిన తార చేసిన మెరుపు ఇది. దూరపు మూలాల్లో మెరుపు తెలుసు, తిరుగుడు తెలియదు. మధ్యలో వంతెన సగమే కట్టి ఉంది.

మరి 16.35 రోజుల ఆవర్తం ఎవరిది? మూడు ఊహలు గట్టిగా నిలిచాయి. తారకు ఒక తోడు ఉండి, ఒకదాని చుట్టూ ఒకటి అన్ని రోజులకు ఒకసారి తిరుగుతూ ఉండవచ్చు. లేదా తార ఒంటరిదే, బొంగరం వేగంగా తిరుగుతూనే నెమ్మదిగా తల ఊపినట్టు, దాని అక్షం అన్ని రోజులకు ఒకసారి ఊగుతూ ఉండవచ్చు. లేదా అంత నిదానంగా తిరగడమే దాని అసలు తిరుగుడు కావచ్చు. పాలపుంతలో 6.67 గంటలకు ఒకసారి తిరిగే మాగ్నెటార్ లాంటి తార ఒకటి తెలుసు కాబట్టి నిదానం అసాధ్యం కాదు. 16 రోజులన్నది మాత్రం ఇంకెక్కడో ఉన్న నిదానం.

ఇక్కడ ఆ మూలం తన రెండో ముడి విప్పింది. నెదర్లాండ్స్‌లో రెండు టెలిస్కోపు వ్యవస్థలు దాన్ని వేరువేరు పౌనఃపున్యాల్లో విన్నాయి. 1400 మెగాహెర్ట్జ్ దగ్గర వినే అపెర్టిఫ్‌కు మెరుపులు ఆవర్తంలో ముందే, ఇరుకు వ్యవధిలో వచ్చాయి. 150 మెగాహెర్ట్జ్ దగ్గర వినే లోఫార్‌కు, చైమ్ వినే వేళ కన్నా మూడు రోజులు ఆలస్యంగా వచ్చాయి. ఈ మూడు రోజులు ఎలక్ట్రాన్ల వల్ల వచ్చిన ఆలస్యం కాదు. ఆ లెక్కలు తీసేశాకే ఇది. అక్కడే, ఆ తార దగ్గరే, పై స్వరాలు ముందు పాడి కింది స్వరాలు తర్వాత పాడుతున్నాయి. ఒక్క మెరుపులో మిల్లీసెకన్లలో చూసిన జారు, ఆవర్తం మొత్తం మీద రోజుల కొలతలో మళ్ళీ కనిపిస్తోంది! రెంటికీ కారణం ఒకటే అని రుజువు కాలేదు, నేనూ అనను. కానీ చిన్నదానిలో ఉన్న వంపు పెద్దదానిలోనూ ఉండటం చూసి ఊరుకోవడం రసజ్ఞుడికి సాధ్యం కాదు. గోపురం మీద బొమ్మలో ఉన్న వంపు గోపురం ఒంపులోనూ కనిపిస్తే మనం ఆగి చూస్తాం.

ఈ ఆధారం ఒక ఊహను దెబ్బతీసింది. పెద్ద తోడుతార విసిరే గాలి తెరలా అడ్డొచ్చి మెరుపులను ఆపుతోందన్న మాట నిజమైతే, ముందుగా మూసుకుపోవాల్సింది పొడుగు తరంగాల తలుపు. జరిగింది దానికి ఎదురు. పొడుగు తరంగాలకే తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంది. తోడుతార ఊహ మొత్తంగా పోలేదు గానీ గాలితెర మాట నిలవలేదు.

తల ఊపే ఒంటరి తార అయితే, వయసు మీదపడేకొద్దీ తిరుగుడు తగ్గి ఊపు నిడివి పెరగాలి. ఏళ్ళు గడిచినా ఆ 16.35లో పెరుగుదల కనిపించలేదు. హబుల్ టెలిస్కోపు తీసిన చిత్రం 2021లో ఇంకో చిక్కు తెచ్చింది. శ్రీహర్ష్ తెందూల్కర్ బృందం ఈ మూలం ఉన్న గెలాక్సీలో అది కచ్చితంగా ఎక్కడుందో చూసింది. కొత్త తారలు పుట్టే గుంపుకు దాదాపు 800 కాంతి సంవత్సరాల దూరంలో, ఊరి బయట ఉంది. పుట్టిల్లు ఆ గుంపే అయితే అంత దూరం నడిచి రావడానికి లక్షల ఏళ్ళు పడుతుంది. చురుకైన మాగ్నెటార్ ఆయుష్షు అంతా కలిపి పదివేల ఏళ్ళ లెక్క. కాబట్టి ఇది పసితార కాదు. నా మొగ్గు తోడు ఉన్న తార వైపు, అదీ గాలితెరగా కాకుండా మరో విధంగా ప్రభావం చూపే తోడు వైపు.

వయసు చిక్కు ఇంకోచోట మరింత బిగుస్తుంది. ఎమ్ 81 గెలాక్సీ మనకు 1.2 కోట్ల కాంతి సంవత్సరాల లోపే. అక్కడ ఒక పునరావృత మూలం గోళాకార తారాగుచ్ఛంలో, అంటే వందల కోట్ల ఏళ్ళుగా కొత్త తార పుట్టని ముసలి తారల గుంపులో, దొరికింది. పేలిపోయి మాగ్నెటార్‌ను కనగల పెద్ద తారలు అక్కడ ఎప్పుడో ఆరిపోయాయి. శ్వేతమరుగుజ్జు తారలు ఒకదానిలో ఒకటి కలిసి కూలడం లాంటి వేరే పుట్టుక కావాలి. ఆ ముసలి గూటి నుంచి వచ్చిన మెరుపుల్లో ఒకదాన్ని విప్పి చూస్తే 60 నానోసెకన్ల సన్నటి కోరలు బయటపడ్డాయి. అంత వ్యవధిలో కాంతి 18 మీటర్లే నడుస్తుంది. కోటికి పైగా ఏళ్ళ ప్రయాణం తర్వాత కూడా ఆ అంచు మొద్దుబారలేదు.

దరువు కావాలనుకునేవారికి ఒకటుంది. 2019 డిసెంబరు 21న చైమ్ విన్న ఒక మెరుపు మూడు సెకన్లు నడిచింది. లోపల తొమ్మిదికి పైగా దెబ్బలు, 216.8 మిల్లీసెకన్ల ఎడంతో. గుండె కొట్టుకున్నట్టు ఉందని అందరూ మెచ్చుకున్నారు. అందమే. కానీ అది మళ్ళీ వచ్చిన జాడ లేదు. ఒకదానికి అక్షరం ఉండి ఆవర్తం లేదు, ఇంకొకదానికి ఆవర్తం ఉండి అక్షరం లేదు. నన్ను ఎంచుకోమంటే రెండోదాన్నే ఎంచుకుంటాను. దరువు వినిపించేవాడు మనల్ని తనతో నడిపిస్తాడు. ఆవర్తం మాత్రమే ఇచ్చేవాడు పదహారు రోజులు కాచుకునే ఓపికను మనలో పుట్టిస్తాడు.

ఎఫ్‌ఆర్‌బీ 180916 ఉన్న దిక్కు మనకూ కనిపిస్తుంది. కార్తీకం చివరి వారంలో రాత్రి పది గంటలకు డాబా ఎక్కి ఉత్తరం వైపు తిరగండి. ధ్రువనక్షత్రానికి పైన, ఇంగ్లిష్ ‘ఎమ్’ అక్షరంలా అయిదు తారల గుంపు ఉంటుంది; దాన్ని శర్మిష్ఠ అంటారు, కాసియోపియా అన్నా అదే. ఆ అయిదింటిలో కుడి చివరది అన్నిటికన్నా మసక తార. చెయ్యి చాచి, ఆ తారకు కింద, ధ్రువనక్షత్రం వైపున, బొటనవేలు అడ్డంగా పెట్టండి. వేలి కింది అంచు దగ్గర, కొద్దిగా కుడికి, ఆ చోటు ఉంది.